నలభై ఏడో గడి

మొదట గజ్జెల చప్పుడే వినిపించింది. లోహపు గజ్జెలు కావవి, ఎండిన కాయల డొల్లలు. తోలుపట్టీల మీద వరసలు వరసలుగా కుట్టి, నాట్యానికి వచ్చేవాళ్ళు కాళ్ళకు కట్టుకునేవి. ఒక కాలు నేలను తాకితే రేకుమీద చినుకు పడినట్టు, పది కాళ్ళు తాకితే వాన మొదలైనట్టు, వీధి చివర ఎక్కడో పుట్టి, మందుల దుకాణం దాటి, రొట్టెల బట్టీ మలుపు తిరిగి, నా వీపు వెనక్కి వచ్చి ఆగింది ఆ వాన. నాకు వాళ్ళెవరూ కనబడరు. నా ముందు గోడ, నా వెనక దుప్పట్లు. ముప్పై రెండు ఇళ్ళవాళ్ళు ఇచ్చిన ముప్పై రెండు దుప్పట్లు కలిపి కుట్టిన తెర అది. దానికీ గోడకూ నడుమ రెండు మూరల జాగా, ఆ జాగాలో పరంజా, పరంజా మీద పలక, పలక మీద నేను. ఆదివారం మధ్యాహ్నపు ఎండ ఒక్కొక్క దుప్పటిలోంచి ఒక్కొక్క రంగుగా వడకట్టుకుని వస్తున్నది. మా ఇంటి నీలిపూల దుప్పటి దగ్గర నా చేతులు నీలం, పక్కింటి దోన్యా చోలె పసుపుచారల దగ్గర పసుపు. ఇటూ అటూ జరుగుతూ చేతుల రంగు మార్చుకుని ఆడుకోవాలనిపించేంత బాగుంది. ఆడుకోవడానికి వేళ లేదు. ఈ గంటలో శంఖం మూడుసార్లు మోగుతుంది. మూడోసారి మోగగానే నేను తాడు లాగాలి, తెర పడాలి, తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని మా వీధి తన ముఖాన్ని తాను మొదటిసారి చూసుకోవాలి. ఆలోగా ఇంకా మిగిలిన పై మూడు వరసల గడుల మీద అంటించిన కాగితాలన్నీ నేను ఊడదీయాలి. ఊడదీస్తూనే ఉన్నాను. ఒక్క గడి వైపు మాత్రం నా చేయి పోవడం లేదు.

గడులు గీసింది మేమే. నీలంపొడి అద్దిన దారాన్ని ఈ చివర నేను, ఆ చివర ఈ గోడ పని నడిపించే మకారియో మాస్టారు బిగించి పట్టుకుని, నడుమ ఒక్కసారి లాగి వదిలితే టప్పుమని గోడమీద గీత పడేది. టప్పు, టప్పు, రోజంతా టప్పు, సాయంత్రానికి ఇద్దరి ముఖాలూ నీలం. రెండేసి అడుగుల గడులు, నూట అరవై. ప్రతి గడికీ ఒక అంకె, ప్రతి ఇంటికీ కొన్ని గడులు, గడికొక చీటీ. చీటీలో ఆ గడికి చెందిన బొమ్మముక్క, ఎక్కడ ఏ డబ్బాలోని రంగు వేయాలో గుర్తులు. తెర వెనక్కి ఒక్కో ఇంటివాళ్ళే వచ్చి తమ గడి నింపుకోవాలి, ఆరాక దానిమీద రొట్టెలు చుట్టే కాగితం అంటించి వెళ్ళాలి, పక్క గడి చూడకూడదు. గోడమీది బొమ్మలో ఒక పొడవాటి బల్ల ముందు వీధి వీధంతా కూర్చుని భోంచేస్తూ ఉంటుందని, బతికున్నవాళ్ళూ పోయినవాళ్ళూ కలిసే కూర్చుంటారని అందరికీ తెలుసు. ఎవరి పక్కన ఎవరో తెలియదు. "మొత్తం చూపించావనుకో, ప్రతివాడూ మొత్తానికీ సలహా చెబుతాడు. ముక్క చూపిస్తే ముక్కకే చెబుతాడు" అన్నారు మాస్టారు. అయినా ముక్కకే ఎన్ని సలహాలు! ఇదిగో, బస్సు నడిపే ఆయన ఇంటివాళ్ళు వేసిన ముక్కుపుటం. కాగితం తీసి చూస్తే పిచుక గూడు పెట్టుకునేంత ఉంది. ఇదిగో, చాకిరేవు మిషన్ల దగ్గర పనిచేసే అక్కచెల్లెళ్ళు వేసిన పన్ను. అంచు గీత వంకర పోయినందుకు ఇద్దరూ తెర వెనకే కొట్లాడుకుని, చివరికి ఆ వంకరనే పంటిమీద మెరుపుగా మార్చి వెళ్ళారు. గోడకు ఇంత దగ్గరగా ఉంటే ముఖం కనబడదు. మైదానం కనబడుతుంది, గుట్ట కనబడుతుంది, నీడ కనబడుతుంది. ముఖాలన్నీ దూరం నుంచే ముఖాలు.

కానీ ఈ పై వరసల నడుమ పన్నెండు గడుల్లో ఉన్న ముఖం ఎవరిదో నాకు తెలుసు. గీసింది నేనే కదా. మా అన్నయ్యది. తొమ్మిదేళ్ళ కిందట ఇద్దరు సైనికులు టోపీలు చేత పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, వియత్నాం నుంచి వచ్చిన కాగితంలోంచి అన్నయ్య పేరు చదివారు. తప్పుగా పలికారు. అమ్మ వాళ్ళను సరిదిద్దింది. అమ్మ నోట ఆ పేరు పలకడం అదే ఆఖరు. ఆ తరువాత 'వాడు', 'మీవాడు', 'ఆ పై గదివాడు'. మందుల దుకాణం ఆయనకూ అదే పేరు. అమ్మ ఆయనను 'అయ్యా దగ్గుమందూ' అని పిలుస్తుంది, ఆయన కూడా పాపం తొమ్మిదేళ్ళుగా దగ్గుమందుగానే పలుకుతున్నాడు. వీధి మొత్తం మా అమ్మ ముందు ఆ పేరును నీటిగుంటను తప్పుకున్నట్టు తప్పుకుని నడవడం నేర్చుకుంది. నేను కూడా. అందుకే ఈ కథ కూడా తప్పుకునే నడుస్తున్నది, నన్ను క్షమించాలి. తెర పడ్డాక బల్ల ముందున్న పోయినవాళ్ళను ఒక్కొక్కరినీ వాళ్ళ ఇంటి పెద్ద పేరుపెట్టి పిలవాలి. ఇంటి పెద్దే పిలవాలి, మా ఇంటికి అమ్మే; వేరెవరూ పిలవకూడదు. పిలిస్తే వీధంతా బదులు చెబుతుంది: ఇక్కడే ఉన్నాడు, ఇక్కడే ఉంది. పిలవకపోతే, ఆ ఇంటికి ఇష్టం లేదని అర్థం; సాయంత్రానికల్లా ఆ ముఖం మీద తెల్లరంగు పడి ఖాళీ కుర్చీ మిగులుతుంది. ఇంటివాళ్ళ అనుమతి లేని ముఖం గోడమీద ఉండకూడదని వీధి సభలో అందరం చేతులెత్తాం. నేను కూడా ఎత్తాను, సిగ్గుతో సగమే. అమ్మను అడగలేదు. అడగాలంటే పేరు చెప్పాలి కదా.

మొదటి శంఖం. పొత్తికడుపులోంచి లేచినట్టుండే మోత; దుప్పట్లు ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలినట్టు గోడకు ఒరిగి మళ్ళీ వెనక్కి పోయాయి. నీలిపూలు నా భుజాన్ని తాకి పోయాయి. ఆ వెంటనే, శంఖానికి ఏమాత్రం తీసిపోని గొంతు, దోన్యా చోలెది, అంటే చోలెమ్మగారిది. మా పక్కింటావిడ, నా జ్ఞానస్నానానికి నన్ను ఎత్తుకున్న తల్లి, అమ్మకు కొమాద్రె, అంటే సగం వదిన, సగం పోలీసు.

"ఏవయ్యా మకారియో! నా పెదాలకని ఉంచిన గులాబీ రంగు ఎవత్తి వాడేసిందయ్యా? నిన్న చూస్తే డబ్బాలో సగవే ఉంది!"

"మీ నోటికి సగం డబ్బా చాల్లేదా దోన్యా?"

"నా నోటి మాట నువ్వెత్తకు. పళ్ళూడిపోయిన మీ మావయ్యని గోడమీద ముప్పై రెండు పళ్ళతో కూర్చోబెట్టావట, నాకు తెలీదనుకున్నావా?"

"పెయింటు ఖరీదే కదా, పళ్ళు కట్టించలేకపోయాం, వేయించాం."

నవ్వులు. తెర వెనక నేను కూడా నవ్వుతున్నాను, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరూ చూడకపోయినా. ఈ అడ్డం పెట్టుకోవడం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తే: ఆరేళ్ళప్పుడు, బడిలో, ఆట మధ్యలో మా ఇంటి భాష నోరుజారినందుకు టీచరు నన్ను మూలన నిలబెట్టిన రోజు. ఆ రోజు ఇంటికి వచ్చి, నోటిని ఏం చేయలేక, మోచేతులను నిమ్మచెక్కతో రుద్దుకున్నాను. తెల్లబడతాయని ఎవరో చెప్పారు. అన్నయ్య చూశాడు. పన్నెండేళ్ళవాడు. నా చేతిలోంచి నిమ్మచెక్క లాక్కుని, దోసకాయ కోసి, ఉప్పూ కారం చల్లి, ఆ చెక్క దానిమీద పిండి, నా ముందే కరకరలాడించుకుంటూ తిని, "నిమ్మకాయ ఉన్నది దీనికే పిచ్చిదానా, మోచేతులకి కాదు. ఇంకోటి ఉందా?" అన్నాడు. ఆ కరకర ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఓదార్పు మాటలు నాకు ఒక్కటీ గుర్తుండవు. ఆ దోసకాయ గుర్తుంటుంది.

ఈ గోడ పని మొదలైన వారం నేను దుకాణానికి వెళ్ళి, పైన 'ఒంటిరంగు' అని రాసి ఉన్న గొట్టం కొనుక్కొచ్చాను. పిండితే లేత గులాబీ. ఎవరి ఒళ్ళిది? మాస్టారు దాన్ని వేలితో రాచి చూసి, "బట్టీలో అమ్మే పందిపిల్ల బొమ్మ రొట్టెలు కూడా ఈ రంగులో ఉండవమ్మా. అవీ మనలాగే ఉంటాయి" అన్నారు. ఆ రోజు నుంచి మా రంగులు మేమే కలిపాం. ఇంటింటికీ డబ్బా పట్టుకుని వెళ్ళి, ఎండలో వాళ్ళ ముంజేతి పక్కన పెట్టి, ఎరుపు ఒక చుక్క, పసుపు ఒక చుక్క, నీలం సూదిమొనంత. బట్టీ వాళ్ళది కాలిన పెనం అంచు, చోలె వాళ్ళది దాల్చినచెక్క, బస్సు ఆయన వాళ్ళది వాన పడిన ఇటుక. ముప్పై రెండు ఇళ్ళకూ కలిపి పదిహేడు గోధుమరంగులు, పదిహేడు డబ్బాలు, మూతమీద ఆ రంగు కుదిరిన ఇళ్ళ పేర్లు. జనం వచ్చి తమ డబ్బా చూసుకుని, పక్క డబ్బాతో పోల్చుకుని, "మాది కాస్త మెరుస్తుంది కదూ" అని గొప్పలు పోయేవాళ్ళు. ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఆ డబ్బాల నడుమ చతికిలబడి, నా ముంజేతి రంగు నేనే కలుపుకుంటూ, కుంచె అంచున అది సరిగ్గా కుదిరిన క్షణాన, నాలో ఎక్కడో మూలన నిలబడి ఉన్న పిల్ల గోడవైపు నుంచి ఇటు తిరిగింది. పెద్ద మాటగా చెబితే సిగ్గేస్తుంది. తిరిగింది, అంతే. అన్నయ్య ముఖానికి వాడింది ఆ డబ్బాయే.

ఇక ఆ నలభై ఏడో గడి. అన్నయ్య ఎడమ చెవి. ఎంత చెవి అది! రెండు చెవులూ కలిపి చూస్తే ఎవరో వాణ్ణి పట్టుకుని ఎత్తడానికే పెట్టినట్టుండేవి. వీధిలో పిల్లలు కూజా అని పిలిస్తే, వాడు నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి, పక్కకు వంగి, నోట్లోంచి నీళ్ళు వంపి చూపించేవాడు. అంత పెద్ద చెవికి ఒక గడి సరిగ్గా సరిపోయింది. అమ్మ తన వంతు అడిగినప్పుడు, మిగిలినవి మూడు గడులు: ఒకటి ఆకాశం, ఒకటి బల్లకాలు, ఒకటి ఇది. ఆకాశం ఇచ్చేయవచ్చు. నా చేయి నన్ను అడగకుండా ఇది ఇచ్చింది. "ఏంటే ఇది?" అంది అమ్మ, చీటీని అటు తిప్పి ఇటు తిప్పి. "మట్టి కూజా పిడి" అన్నాను. అమ్మ చీటీ వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ చీటీ వైపు. "పిడి" అంది. రెండు శనివారాల కిందట తెర వెనక్కి వెళ్ళి మూడు గంటలు ఉంది. పిడికి మూడు గంటలు! బయటకు వచ్చి కుంచె కడిగి, గుడ్డతో తుడిచి, "పిడి బాగానే వచ్చింది" అని, బీన్సు పొయ్యిమీద పెట్టి వచ్చానంటూ వెళ్ళిపోయింది. ఆ రాత్రి బీన్సు మాడాయి. మాడినవే తిన్నాను. అప్పటినుంచి నాలో రెండు భయాలు కూజా మోసుకుంటూ నడుస్తున్నాయి: తెలియక వేసి, తెర పడ్డాక తెలిసి, నన్ను ఇంత మోసం చేస్తావా అంటుందేమో అని ఒకటి, చెవిని చెవిగా కాక నిజంగా పిడిగానే వేసేసిందేమో, వాడి నవ్వుముఖం పక్కన ఒక కుండపిడి వేలాడుతుందేమో అని ఒకటి. రెండోది తలుచుకుంటే నవ్వు వస్తుంది. నవ్వాక మొదటిది ఇంకా పెద్దదై కనిపిస్తుంది.

రెండో శంఖం. బయట ఎవరో పిల్లాడిని భుజాల మీదికి ఎక్కించుకుంటున్నారు, ఎవరో గిటారు తీగలు బిగిస్తున్నారు, మొక్కజొన్న రొట్టెలు ఆవిరిమీద ఉడుకుతున్న వాసన దుప్పట్ల కిందనుంచి దూరి వచ్చింది. పై వరసల్లో కాగితం మిగిలింది ఒక్క గడి మీదే. ఇక తప్పుకోవడానికి చోటు లేదు. పలకమీద పక్కవాటుగా జరిగాను. ఒక మూల గోటితో లేపాను. అమ్మ అంటించిన కాగితం; అంచులన్నీ ఇస్త్రీ చేసినట్టు తిన్నగా ఉన్నాయి. చర్రున ఊడింది.

చెవి. పిడి కాదు, చెవి. నా చీటీలో చెవి అంటే ఒక వంపు, లోపల ఇంకో వంపు, నీడకు ఒక ముదురు రంగు. ఇక్కడ వెనకవైపు మెత్తదనం ఉంది, ఎండ వెనకనుంచి పడితే అంచున కనబడే ఎర్రదనం ఉంది, చెవి వెనక సబ్బు అందక మిగిలిపోయే నీడ ఉంది. నేను గీయనివి. గడికి మరీ దగ్గరగా ముఖం పెట్టాను, రంగు వాసన కొట్టేంత దగ్గరగా. చెవితమ్మె కింద, సన్నగా, గోటి చంద్రుడంత, ఒక గీత. గులాబీ గీత. చోలె పెదాల రంగు! నా చీటీలో ఆ గీత లేదు. ఏ ఫోటోలోనూ లేదు. ఫోటోలన్నీ కుడివైపునుంచి తీసినవి. ఆ గీత ఉన్న సంగతి లోకంలో ముగ్గురికే తెలుసు. పెరట్లో కుర్చీ వేసి, కుట్టుపని కత్తెరతో అమ్మ వాడికి జుట్టు కత్తిరిస్తుంటే, నేను పక్కన కూర్చుని రాలిన జుట్టుతో బొమ్మకు మీసాలు పెడుతుంటే, కసుక్కున తమ్మె తెగింది. వాడికంటే ముందు అమ్మ ఏడ్చింది. వాడు గుడ్డతో చెవి పట్టుకుని, "ఏం కాలేదమ్మా, ఇంకా చాలా మిగిలింది చూడు" అని చెవిని లాగి చూపించాడు. నాన్నకు చెప్పవద్దని అమ్మ మా ఇద్దరికీ డబ్బాలో వచ్చే తియ్యటి గట్టిపాలు పోసిన రొట్టె లంచం ఇచ్చింది. నాన్న పోయే దాకా మేము చెప్పలేదు. ఆ లంచం రుచి నాలుకమీదికి వచ్చేసింది, ఈ పలకమీద, ఈ నీలిపూల వెలుతురులో. అమ్మకు తెలుసు. చీటీ చూసిన క్షణాన్నే తెలుసు. ఆ మూడు గంటలూ ఇక్కడే, ఇదే పలకమీద మోకాళ్ళు ఆనించి, కొమాద్రె పెదాల రంగు దొంగిలించి, తన కత్తెర చేసిన గాయాన్ని తానే కుంచెతో మూసి, మూసినచోట మచ్చను మిగిల్చి, పైన కాగితం అంటించి, పిడి బాగానే వచ్చింది అని చెప్పి, నా అబద్ధాన్ని నాకే అట్టిపెట్టి వెళ్ళిపోయింది. మోసపోయింది నేను. హాయిగా మోసపోయాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాను, గోడకు వినబడేలా. గోడమీద వాడు నవ్వుతూనే ఉన్నాడు.

అయితే వేయడం వేరు, పిలవడం వేరు. చేతికి ధైర్యం వచ్చినంత మాత్రాన గొంతుకు వస్తుందా? నాకు తెలుసు, నా చేయి ఎన్నేళ్ళు ముందు మాట్లాడిందో, నా నోరు ఎన్నేళ్ళు వెనకబడిందో.

మూడో శంఖం. తాడు లాగాను. ముప్పై రెండు దుప్పట్లు ఒక్కసారిగా గోడను వదిలి, ఎండలో పెద్ద అలలా విరిగి, వీధిమీద పడ్డాయి. కళ్ళు మూతపడ్డాయి, తెరిచేసరికి వీధంతా తలెత్తి ఉంది. ఆ తరువాత ఎక్కడో ఒకరు, "అదుగో నేను!" అన్నారు, ఇంకొకరు "అదుగో మా నాయన!" అన్నారు, ఆ వెంట మాటలన్నీ కలిసిపోయి జాతర అయింది. బట్టీ దోన్ ఎపిఫానియో టోపీ తీసి, తన తండ్రిని పేరుపెట్టి పిలిచాడు. ఇక్కడే ఉన్నాడు, అంది వీధి, పలక కంపించింది. దోన్యా చోలె తన భర్తను పిలిచి, "సరిగ్గా కూర్చో, వీధంతా చూస్తోంది" అని కూడా అంది. ఇక్కడే ఉన్నాడు! మాస్టారు తన మేనమామను పిలిచారు, ముప్పై రెండు పళ్ళతో సహా. పిలుపు బల్ల వెంట కుర్చీ కుర్చీ దాటుతూ వచ్చి, మా కుర్చీ దగ్గర ఆగింది.

జనం మెల్లగా విడిపోయి అమ్మకు దారి ఇచ్చారు. సంచీ రెండు చేతులా పొట్టకు అదుముకుని వచ్చింది. నా కింద నిలబడి తలెత్తింది. చాలాసేపు చూసింది.

"ఒతీలియా" అంది.

"ఆఁ, అమ్మా."

"కాస్త అటు జరుగు. వాడి పళ్ళకి అడ్డంగా నించున్నావు."

జరిగాను. ఎవరో ఫక్కున నవ్వి వెంటనే మింగేశారు.

"ఎంత చెవి వేశారే తల్లీ!"

"నువ్వే వేశావమ్మా."

"నేను ఉన్నంతే వేశాను" అంది అమ్మ. పెదవులు కదిలాయి, ఆగాయి. గజ్జెలు కట్టుకున్న కాళ్ళు కూడా కదలడం మానేశాయి. మందుల దుకాణం ఆయన తల వంచుకుని బూట్ల వైపు చూస్తున్నాడు. తెల్లరంగు డబ్బా పరంజా కింద ఎక్కడో ఉందని నాకు తెలుసు, మాస్టారికి తెలుసు, అమ్మకు కూడా తెలుసు. అమ్మ సంచీని దోన్యా చోలె చేతిలో పెట్టింది. రెండు అరచేతులూ నోటికి ఇరుపక్కలా దోసిలిగా పట్టింది. పిలిచింది. ప్రార్థనలా కాదు, సభలో పిలిచినట్టూ కాదు. అందరూ బల్ల ముందు కూర్చున్నాక, కూర చల్లారిపోతుంటే, వీధి చివర ఆటలో మునిగి ఇంకా ఇంటికి రాని కొడుకును వంటింటి కిటికీలోంచి కేకేసినట్టు, ప్రేమతో, విసుగుతో, తొమ్మిదేళ్ళ ఊపిరితో:

"ఒరేయ్, హసింతో!"